దసరాకి వెండి చక్రాలు

భాద్రపదంలో వినాయకుణ్ణి బందరు కాలువలో కలిపి వచ్చాక, దసరా ఇంకా దూరంగానే ఉందనిపించే ఆ మధ్య రోజుల్లో, పటమటలో మా పెరట్లోంచి కిరసనాయిలు వాసనా థిన్నరు వాసనా కలిసి వీధి మొగదాకా వచ్చేవి. వీధిలో వాళ్లకి అదొక గుర్తు. బెల్లానికో చింతపండుకో నన్ను కొట్టుకి పంపితే, కొట్టు తాతగారు పొట్లం కడుతూ, "ఏమే, మీ నాన్న చక్రాలు విప్పాడా?" అని అడిగేవారు. విప్పాడంటే ఇక కొత్త బట్టల సంగతి, అమ్మవారి కొండ మీదికి ఏ రోజు వెళ్లాలన్న సంగతి అందరిళ్లల్లోనూ మొదలయ్యేవి. కొన్ని ఇళ్లకి దసరా బొమ్మల కొలువుతో వస్తుంది. మా ఇంటికి ఉప్పు కాగితంతో వచ్చేది.

మా నాన్న టాక్సీ డ్రైవరు. నల్లటి ఒళ్లు, పసుపు టాపు, మార్క్ టూ అంబాసిడరు. కారు ఆయనది కాదు, గవర్నరుపేటలో ఉండే ఓనరు గారిది. నెలకింత జీతం, ఊరు దాటితే బత్తా. పగలంతా రైల్వే స్టేషన్ స్టాండులో, రాత్రి మా ఇంటి ముందు వేపచెట్టు కింద. ఇంజను పని వస్తే షెడ్డుకి, సొట్టలు పడితే టింకరింగుకి, ఒంటికి రంగు వెయ్యాలంటే ఓనరు గారి అనుమతికి, అన్నీ ఆయన చేతి మీదుగానే జరగాలి. చక్రాల రిమ్ముల సంగతి మాత్రం ఓనరు గారు ఎప్పుడూ అడగలేదు, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఏటా దసరా ముందు తన బత్తా డబ్బుల్లోంచి ఒక వెండి రంగు డబ్బా కొనుక్కొచ్చి, తనే విప్పి, తనే గీకి, తనే రంగు కొట్టి, తిరిగి బిగించేవాడు. అంత బండిలో ఆయన నాది అనుకున్నవి ఆ రిమ్ములేనేమో అని నాకిప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడడిగితే వేరే జవాబు చెప్పేవాడు: "పాసింజరు తలుపు తీసి లోపలికి వంగేటప్పుడు మొదట కంటబడేది చక్రమేనమ్మా. అది మాసి ఉంటే బ్రేకులు కూడా మాసే ఉంటాయనుకుంటారు."

మా ఇంటికి అటుపక్క కొంచెం నడిస్తే ఆటోనగర్. 1960ల్లో ఊళ్లోని షెడ్లన్నీ ఒకచోటికి చేర్చి కట్టిన పేట అది. నేను పుట్టి బుద్ధెరిగేసరికే అక్కడ ఇనుము మోగని పూట ఉండేది కాదు. లారీ బాడీలు కట్టేవాళ్లు, బ్యాటరీల వాళ్లు, రేడియేటర్ల వాళ్లు, లేతు మిషన్ల వాళ్లు, పాత సామాను తూకానికి కొనేవాళ్లు. జంషెడ్‌పూరు నించి, మద్రాసు నించి ఉత్త ఛాసిస్‌లు నడుపుకుంటూ వచ్చే డ్రైవర్లని చూడటానికే మేం రోడ్డు పక్కన నిలబడేవాళ్లం. తలుపు లేదు, కప్పు లేదు. చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, దుమ్ములో కళ్లు మాత్రం కనబడుతూ వచ్చేవాళ్లు. అవే కొన్నాళ్లకి టేకు చెక్క బాడీతో, వెనక నెమళ్లతో, తామరపూలతో, ముందు అమ్మవారి పేరుతో బయటికెళ్లేవి. ఎండాకాలం మధ్యాహ్నం గాలి అటునించి వీస్తే కాలిన రబ్బరు, కొత్త రంపపు పొట్టు, వెల్డింగు పొగ కలిసిన వాసన మా వంటింట్లోకి వచ్చేది. అమ్మకి అది పడేది కాదు. నాకు ఇప్పటికీ ఎక్కడైనా షెడ్డు ముందు నించి వెళ్తుంటే నడక నెమ్మదిస్తుంది.

ఆ పేటలోనే ఒక పెయింటింగు షెడ్డులో పనిచేసే పెద్దాయన ఉండేవారు. మేం సాయిబు తాత అనేవాళ్లం. నాన్న ఆయన్ని "సాయిబు గారూ" అనీ, ఆయన నాన్నని "తమ్ముడూ" అనీ పిలుచుకునేవారు. గడ్డంలో ఎప్పుడూ ఏదో ఒక రంగు చుక్క ఉండేది. చక్రాల పని మొదలైందని తెలిస్తే సాయంత్రం ఇంటికెళ్తూ మా పెరటి గోడ దగ్గర సైకిలు ఆపి, గోడ మీంచే చూసి, ఒక మాట చెప్పి వెళ్లేవారు. నాన్నకి ఈ విద్య వచ్చింది ఆ గోడ మీది మాటల వల్లే.

పని మొదలుపెట్టిన రోజున నాయనమ్మతో ఒక చిన్న పేచీ తప్పేది కాదు. ఆ రోజులు సరిగ్గా మహాలయ పక్షాలు. అరుగు మీద ఒత్తులు చేసుకుంటూ ఆవిడ, "పక్షాల్లో కొత్త పని ముట్టుకోకూడదురా" అనేది. నాన్న జాకీ తిప్పుతూనే, "కొత్త పనేంటమ్మా, ఏటా చేసేదేగా" అనేవాడు. ఆ జవాబుతో ఆవిడ తృప్తిపడేదో, వినిపించనట్టు ఊరుకునేదో తెలియదు. మర్నాడు మాత్రం తనే వచ్చి, "ఆ తుప్పుకి చింతపండు పులుసు రాసి చూడరాదూ, ఇత్తడి బిందెలు ఎట్లా తేలతాయి" అని సలహా చెప్పేది.

నాలుగు చక్రాలూ ఒకేసారి విప్పడానికి మాకు వీలు లేదు. బండి ఒక్క పూట ఆగితే ఓనరు గారి ఇంట్లోనూ మా ఇంట్లోనూ లెక్క మారుతుంది. అందుకని నాన్న ముందు డిక్కీలోంచి స్టెప్నీ తీసి దానికి రంగు కొట్టేవాడు. అది ఆరాక బండికి ఎక్కేది, బండి చక్రం ఒకటి దిగేది. అది ఆరి ఎక్కితే ఇంకొకటి దిగేది. అట్లా వంతులవారీగా మా పెరట్లో ఎప్పుడూ ఒకే చక్రం గోనెపట్టా మీద పడుకుని ఉండేది, బండి మాత్రం తిరుగుతూనే ఉండేది. ఈ లోపు కొత్త రంగు చక్రం ఒకటి, పాత మట్టి చక్రం మూడు వేసుకుని స్టాండుకెళ్తే మిగతా డ్రైవర్లు, "ఏం, ఒంటికాలికి పారాణి పెట్టావా?" అని ఆట పట్టించేవాళ్లట. ఆ రోజుల్లో దారిలో పంచర్ అయితే మాత్రం ఇబ్బందే, డిక్కీలో స్టెప్నీ చోటు ఖాళీ. అప్పుడు ఎవరో ఒకరు తోటి డ్రైవరు ఆగి తనది ఇచ్చేవాడు. రేపు వాళ్లకి మనం ఇస్తాం, అది ఎవరూ పుస్తకంలో రాసుకునే సంగతి కాదు.

నట్లు వదులు చేసేది బండి నేల మీద ఉన్నప్పుడే, జాకీ ఎక్కించాక కాదు. ఎక్కించాక పానా వేస్తే చక్రం తిరుగుతుంది, బండి జరుగుతుంది. ఈ మాట నాన్న మాకు ప్రతి ఏడూ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. పానా వేసే ముందే కప్పు ఊడదీసి, దాన్ని అక్క చేతికిచ్చేవాడు. అక్క దాన్ని బూడిదతో తోమి ముఖం చూసుకునేది. చక్రం దిగాక రిమ్ము లోపలి వైపు చూస్తే ఏడాది పొడుగునా బండి తిరిగిన ఊళ్లన్నీ అక్కడే ఉండేవి. దివిసీమ నల్లరేగడి ఎండి గట్టి పెచ్చుగా, నూజివీడు వైపు ఎర్రమట్టి దాని మీద పొరగా, బ్రేకుల నించి రాలిన నల్లటి పొడి గ్రీజుతో కలిసి జిగురుగా. 1980లో కృష్ణా పుష్కరాలొచ్చిన ఏడు స్టేషనుకీ ఘాట్లకీ మధ్య రాత్రీ పగలూ తిరిగిన చక్రాలు అవి. ఆ ఏటి దసరాకి గీకితే వచ్చిన ఒండ్రు నాయనమ్మ తులసికోటలో వేయించింది. పుష్కరాల మట్టి పారేస్తారా అంది.

గ్రీజు వదలాలంటే కిరసనాయిలు కావాలి. ఇంట్లో ఉన్నది రేషను కిరసనాయిలు. నెలకి కార్డు మీద వచ్చేది వచ్చేదే, దానితోనే స్టవ్వు, దానితోనే లాంతరు. అమ్మ డబ్బా మీద గుడ్డ కట్టి, దాని మీద ఒక ఇటుక పెట్టి, వంటింటి మూల దాచేది. నాన్న ఒక చిన్న గ్లాసుడు అడిగేవాడు. అమ్మ అర గ్లాసు పోసేది. "కార్తీకంలో దీపాలకి నూనైనా పోసుకుంటాం, పొయ్యికేం పోసుకోవాలి?" అనేది. నాన్న ఆ అర గ్లాసుతోనే వైరు బ్రష్షు ముంచి ముంచి, మురికి నూనెని కూడా పారబొయ్యకుండా సీసాలో తేర్చి, పై తేట మర్నాటి చక్రానికి వాడేవాడు. ఆ కిరసనాయిలు జిడ్డు మళ్లీ పోవాలి, లేకపోతే రంగు పట్టదు. దానికి చాకలి సోడా నీళ్లు, కొబ్బరి పీచు. ఆ తర్వాత ఎండ. ఆ నెలలో ఎండ అడిగినప్పుడు రాదు.

గీకుడు మా పిల్లల వంతు. పాత రంగు లేచిన చోట ఉప్పు కాగితం, మిగతా చోట నీళ్లలో నానబెట్టిన వాటరు పేపరు. నీళ్లెందుకంటే, పొడిగా రుద్దితే రాలిన పొడి కాగితం గరుకులో ఇరుక్కుని అది నున్నబడిపోతుంది, తడిలో అయితే కడుక్కుపోతుంది. పాత రంగంతా ఊడగొట్టాల్సిన పని లేదు. గట్టిగా పట్టుకుని ఉన్నదాని మెరుపు మాత్రం చావాలి, మెరుపు మీద కొత్త రంగు నిలవదు. వేలి ముద్రల గీతలు అరిగిపోయేదాకా రుద్దేవాళ్లం. ఉండ్రాళ్ల తద్దికి పెట్టుకున్న గోరింటాకు నా చేతుల్లో పండి ఉండేది. దాని మీద తుప్పు, తుప్పు మీద రెడ్డాక్సైడు. బడికెళ్తే మా టీచరమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి ఇది ఏ ఆకే అని అడిగారు. "ఆడపిల్లకి చక్రాల దగ్గరేం పనిరా" అని నాయనమ్మ ఒకటి రెండుసార్లు అంది గానీ, తమ్ముడు రుద్దిన వైపూ నేను రుద్దిన వైపూ చేత్తో తడిమి చూశాక మళ్లీ అనలేదు.

టైరుకి రంగు అంటకుండా చెయ్యడం మా బాబాయి వల్ల తేలికైంది. బాబాయికి పేకాట పిచ్చి. నాయనమ్మకి ఆ పేక అంటే కంటగింపు. పేకకట్టలో ఒక ముక్క పోతే ఆ కట్ట ఆటకి పనికిరాదు కదా, అట్లాంటి కట్టలు బాబాయి దగ్గర ఎప్పుడూ ఉండేవి. వాటిని రిమ్ము అంచుకీ టైరుకీ మధ్య సందులో ఒక్కొక్కటే గుచ్చి, ఒకదాని మీద ఒకటి సగం కప్పేట్టు చుట్టూ పేర్చుకుంటూ వస్తే, కాస్త అటూ ఇటూగా ఒక కట్ట ఒక చక్రానికి సరిపోయేది. రాజులూ రాణులూ చక్రం చుట్టూ నిలబడేవాళ్లు. "ఇన్నాళ్లకి వాటి వల్ల ఇంటికి ఒక ఉపకారం జరిగింది" అనేది నాయనమ్మ. పేకముక్కలు దొరకని ఏడు టైరుకి గ్రీజు పూసి, దాని మీద పాత ఆంధ్రపత్రిక కాగితాలు అతికేవాళ్లం. గాలి ఎక్కించే మూతికి సైకిలు ట్యూబు ముక్క తొడిగేవాళ్లం.

నట్లు కూర్చునే గుంటల్లో మాత్రం నాన్న రంగు పడనిచ్చేవాడు కాదు. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి వాటిలో నొక్కి పెట్టేవాడు. వెనక వైపు, హబ్బుకి ఆనే చోట కూడా అంతే. అక్కడ మందంగా రంగు ఉంటే నట్లు దాని మీద బిగుస్తాయి. నాలుగు మైళ్లు పోయేసరికి ఆ రంగు నలిగి పల్చబడుతుంది, బిగింపు సడలుతుంది. చూడ్డానికి కొట్టే రంగు, చక్రం ఊడబీకేది కాకూడదు. కొత్తగా ఎక్కించిన చక్రాన్ని మొదటి ట్రిప్పు అయ్యాక మళ్లీ ఒకసారి పానా వేసి, ఎదురెదురు నట్లు వరసన చూసుకునేవాడు. ఇప్పుడు ఇంటి దగ్గర రిమ్ములకి రంగు కొట్టుకునే కుర్రాళ్లని చూస్తుంటాను, చక్కగా మెరిపిస్తారు, ఈ ఒక్క సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ.

ముందు రెడ్డాక్సైడు. అది కుంచెతోనే. ఎర్రగా, మట్టి వాసనేస్తూ, రాత్రంతా ఆరేది. మర్నాడు దాని మీద సన్న కాగితంతో ఒక రుద్దు. ఆ తర్వాత వెండి రంగు. వెండి పేరే గానీ అది అల్యూమినియం. పిండి వేరే, నూనె వేరే వచ్చేవి. కలిపాక ఎక్కువ రోజులు నిలవదు, ఆ పూటకి కావలసినంతే కలుపుకోవాలి. పుల్లతో తిప్పుతుంటే నూనె మీద వెండి తెట్టు తిరిగేది. ఆ పిండిలో ఉన్నవి గుండ్రటి రేణువులు కావని, పల్చటి రేకులని, అవి తడిలో పైకి తేలి పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి పడుకుంటాయని, అందుకే ఆ మెరుపు, అందుకే తేమ లోపలికి దిగదని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. సాయిబు తాత దాన్నే "కదపకు, దాని పడక అది వేసుకుంటుంది" అని గోడ మీంచి చెప్పేవారు.

కంప్రెషరు మా ఇంట్లో ఎక్కడిది? మాకున్నది ఫ్లిట్ పంపు. ముందు రేకు గొట్టం, కింద గుండ్రటి డబ్బా, వెనక లాగి తోసే పిడి. దోమల మందు కొట్టే ఆ పంపుల్లోనే పాతదాన్ని ఒకదాన్ని నాన్న రంగుకని విడిగా ఉంచుకున్నాడు. మూతి సన్నంగా ఉండటం వల్ల రంగు పల్చన చేసి, అమ్మ పాత చీర ముక్కలో వడగట్టి పొయ్యాలి, లేకపోతే మధ్యలో మూసుకుపోయి తుప్పు తుప్పున పెద్ద చుక్కలు ఉమ్మేది. మలేరియా వాళ్లు ఏటా వచ్చి గోడలకి డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లేవాళ్లు కదా, మా తమ్ముడు అది చూసి నాన్న కూడా చక్రాలకి మలేరియా మందు కొడుతున్నాడనుకుని, పని అయ్యాక బొగ్గుతో గోడ మీద తేదీ రాసేవాడు. ఆ గోడకి సున్నం వేసినప్పుడల్లా ఆ తేదీలు పోయేవి, మళ్లీ దసరాకి కొత్తది వచ్చేది.

రంగు కొట్టే రోజు పొద్దున్నే అమ్మ పెరడంతా కళ్లాపి చల్లేది. ముగ్గు కోసం కాదు, దుమ్ము లేవకుండా. కోళ్లని గంప కింద పెట్టేవాళ్లం. చక్రాన్ని ముందు కాసేపు ఎండలో ఉంచి, ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలాక నాన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవాడు. జానెడు దూరం. దగ్గరైతే కారుతుంది, దూరమైతే గాలిలోనే ఆరి పొడిపొడిగా పడుతుంది. చెయ్యి ముందు కదలాలి, తర్వాత పంపు నొక్కాలి. చక్రం దాటాక గానీ ఆపకూడదు. ఒక్కసారికే నిండుగా రావాలని ఆశపడకూడదు. మొదటి పూతలో ఎర్రదనం కనబడుతూనే ఉండాలి, రెండో దానికి మసకబారాలి, మూడో దానికి పోవాలి. మధ్య మధ్య ఆగి మజ్జిగ తాగేవాడు. మేం గాలి వచ్చే వైపు చేరి, పాత దుప్పటి రెండు కొసలూ పట్టుకుని నిలబడేవాళ్లం. చేతులు లాగేవి, నాన్న "ఇంకొక్క చుట్టు" అనేవాడు, ఆ చుట్టు తర్వాత ఇంకొకటి ఉండేది.

ఒక ఏడు షెడ్డులో మిగిలిందని ఎవరో ఇస్తే డూకో రంగు కొట్టాం. అది నిమిషాల మీద ఆరుతుంది, మా వెండి రంగు పూటంతా ఆరుతుంది. నాన్నకి ఆశ పుట్టింది. ఆ రోజు వాన వెలిసి చెట్లు ఇంకా కారుతున్నాయి. కొట్టిన కాసేపటికే రిమ్మంతా తెల్లగా పొర కట్టేసింది. అమ్మ దిష్టి అంది, నాయనమ్మ పక్షాల దోషం అంది. సాయంత్రం సాయిబు తాత సైకిలు దిగి, గోడ దాటి లోపలికే వచ్చి, గోరుతో గీరి చూశారు. "వానలో డూకో కొడతారా తమ్ముడూ? థిన్నరు ఎగిరేటప్పుడు ఇనుముని చల్లబరుస్తుంది, చల్లదనానికి గాలిలో తడి వచ్చి దాని మీద కూర్చుంటుంది" అని, రేపు ఎండెక్కాక ఉత్త థిన్నరు పల్చగా ఒక్క చేయి చల్లమని చెప్పారు. చల్లితే పొర విడిపోయి రంగు తేటపడింది. ఆ రోజు ఆయన మా ఇంట్లో కాఫీ తాగారు. నాయనమ్మ తనే గ్లాసు తెచ్చి ఇచ్చింది.

నవమి నాటికి అన్ని చక్రాలూ ఎక్కి, కప్పులు తొడుక్కుని, బండి కాలువ రేవులో స్నానం చేసి వేపచెట్టు కింద నిలబడేది. పానాలు, జాకీ, స్క్రూడ్రైవర్లు, ఫ్లిట్ పంపు కూడా పీట మీద పెట్టి, గంధం బొట్లు పెట్టి పూజ. బంతిపూల దండ బానెట్టుకి, అరటి పిలకలు అద్దాలకి. గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లు. బండి ముందుకి కదిలి అవి చితికితే శుభం. నిమ్మరసం ఎగిరి కొత్త రంగు మీద పడుతుందని నాన్న వెంటనే దిగి బనీను గుడ్డతో రిమ్ములు తుడిచేవాడు. నాయనమ్మ, "శుభం తుడిచేస్తున్నాడు చూడు" అని గొణిగేది.

ఓనరు గారు ప్రతి ఏటా ఆ పూజకి వచ్చి, కొబ్బరి చిప్ప తీసుకుని వెళ్లిపోయేవారు. చక్రాల వైపు ఆయన చూపు పడ్డది నాకు తెలిసి ఒక్కసారే. వంగి, వేలితో రిమ్ము అంచు తడిమి, "ఎక్కడ వేయించావయ్యా?" అన్నారు. "ఇంట్లోనేనండి, పిల్లలూ నేనూ" అన్నాడు నాన్న. ఆయన మరి మాట్లాడలేదు. నా చేతులు మాత్రం ఒకసారి చూశారు.

ఆ పై ఏడు భాద్రపదంలో ఒక కుర్రాడు రిక్షాలో చక్రాలు వేసుకుని మా ఇంటి ముందు దిగాడు. ఓనరు గారి సొంత కారువట, రంగు డబ్బా కూడా పంపారట. నాన్న ఇంట్లో లేడు. అక్కా నేనూ గబగబా వాటిని దింపించి దొర్లించుకుంటూ పెరట్లోకి తెస్తుంటే, నాయనమ్మ తిథి లెక్క చూసుకుని ఇంకా పక్షాలు రాలేదు ఫరవాలేదంది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ చక్రాలు లెక్కపెట్టింది. డబ్బా ఎత్తి బరువు చూసింది. తర్వాత ఆ కుర్రాడి వైపు తిరిగింది.

"రంగు తెచ్చావు సరే, కిరసనాయిలేదీ?"